కచ్చా దారం

మూడో అంతస్తు, బాల్కనీ పక్క గది
వానలు మొదలైన వారం

అక్కకి,

పార్సిల్ అందింది. చొక్కా మడత విప్పగానే ముందు జేబు తడిమాను, ఎప్పట్లాగే. నాలుగు పేజీల ఉత్తరం ఉంటుందనుకుంటే, చీటీ ముక్క మీద "ఇంకో ట్రయల్" అని రెండంటే రెండు మాటలు. అంతేనా అక్కా? దానికోసం పోస్టుమాన్ రొప్పుకుంటూ ఇన్ని మెట్లెక్కాడు.

ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు నన్ను నోరెత్తనివ్వవు, నేను నీ మాట సగమే వింటాను. అందుకని కాగితం మీదే మొత్తుకుంటున్నాను.

అమ్మ పోయాక కుట్టు దుకాణం ఖాళీ చేసిన రోజు గుర్తుందా? బ్రౌన్ పేపర్ కటింగులన్నీ చుట్టలు చుట్టి నా చేతుల్లో పోసి, "కంప్యూటర్ చదువు వెలగబెట్టావుగా, ఇవి పురుగులు తినకుండా ఏదో ఒకటి చెయ్యరా" అన్నావు. చేశాను. కొలతలిస్తే చాలు, అమ్మ ఎలా గీసేదో అలా కాగితం మీద కటింగు గీసిచ్చే ప్రోగ్రాం. అమ్మ అడిగినవాళ్ళందరికీ కటింగు చెప్పేది, దాచుకోవడం ఆవిడకి తెలీదు. అందుకే మనమూ దాన్ని ఓపెన్ సోర్స్ చేసి, లోపలి రాతంతా తెరిచి పెట్టాం. ఎవరైనా వాడుకోవచ్చు, తప్పుంటే చెప్పొచ్చు, దిద్దొచ్చు. ఇప్పుడు మనం పేరు కూడా వినని ఊళ్ళలో దాంతో బట్టలు కుడుతున్నారు.

కానీ మార్చినప్పుడల్లా దానికి పెట్టే నంబరు ముందు సున్నా ఇంకా పోలేదు. సున్నా పాయింటు తొమ్మిది అయింది, పది అయింది, ఆ తర్వాత నేనే లెక్క మర్చిపోయాను. ఆ సున్నా ఉన్నంతకాలం అర్థం ఒకటే: ఇది ఇంకా కచ్చా కుట్టు మీదే ఉంది, నమ్మి బయటికి వేసుకెళ్ళకండి అని. సున్నా తీసేసి "ఒకటి" అంటే అది స్టేబుల్, ఇక నమ్మి వాడుకోవచ్చని. నువ్వు పాఠాలు చెప్పే కుట్టు శిక్షణాలయం ప్రిన్సిపాలమ్మ అడుగుతున్నదీ అదే కదా. కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపు స్టేబుల్ అయితేనే పాఠాల్లో పెడతానందని నువ్వే రాశావు. నేను రాయాలి, నువ్వు కుట్టి చూసి సరే అనాలి, అప్పుడే ఒకటి. అదే మన షరతు. నా వంతు అయిపోయింది. నీ నోట్లోంచి ఆ "సరే" ఊడిపడటం లేదు.

ఇంకో సంగతి. ఎక్కడో ఆసుపత్రిలో పిల్లల వార్డుకి గౌన్లు కుట్టే ఒకావిడ రాసింది. పెద్దవాళ్ళకి బాగానే వస్తున్నాయిట, పిల్లల గౌన్లు మాత్రం భుజాల మీంచి జారిపోతున్నాయిట. లోపలి రాత చదువుకుని, ఒక వరస దగ్గర వేలు పెట్టింది. "'ఛాతీలో నాలుగో వంతు, పైన అమ్మ ముప్పావు' అని ఉంది. ఈ ముప్పావు అంగుళం ఎందుకండీ? వదులు వేరే కలిపారు, కుట్టు మార్జిన్ వేరే కలిపారు, మరి ఇదేమిటి?" అంది. నువ్వు చెప్పావు, నేను రాశాను. తీసేద్దామా?

బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు


కటింగ్ బల్ల మీద నుంచి
వాన పడుతూనే ఉంది

ఒరేయ్ గుండీ,

ముప్పావు మీద చెయ్యి వేశావంటే ఊరుకునేది లేదు. చెప్పలేదనేవు.

నిన్ను గుండీ అని పిలుస్తున్నానని నీ కూతురి ముందు చిన్నబుచ్చుకుంటావట, మరదలు చెప్పింది. గుండీ మింగినవాణ్ణి గుండీ అనక గౌను అంటారా? అమ్మ ఆ రోజు కస్టమర్ కోటు అలాగే వదిలేసి, నిన్ను భుజాన వేసుకుని పరిగెత్తింది. తర్వాత ఆ కోటుకి ఒక గుండీ తక్కువై, ఊరంతా తిరిగినా అలాంటిది దొరకలేదు. అలాంటి అమ్మ పెట్టిన ముప్పావుని ఎవరో ఆవిడ అడిగిందని తీసేస్తావా?

కళ్ళు మూసుకుంటే వినిపిస్తుందిరా. సుద్దముక్క గుడ్డ మీద గీస్తూ, "నాలుగో వంతు, పైన ముప్పావు. నాలుగో వంతు, పైన ముప్పావు." పాటలా పాడేది. ఒంటిపూట బడి అయ్యాక నేను బల్ల కింద కూర్చుని పీలికలు ఏరుకునేదాన్ని. వీధి వైపు కిటికీ లోంచి ఎండ బల్ల మీద సగం దాకా వచ్చేది. ఆ ఎండ కాళ్ళ దాకా జరిగిందంటే నువ్వు బడి నుంచి వచ్చే వేళయిందని నాకు లెక్క. వినీ వినీ ఆ ముప్పావు నా చేతికి అంటుకుపోయింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అమ్మ చేతిలో ఏదో ఉంది, ఆవిడ కుట్టింది ఎవరికీ బిగుతుగా పట్టలేదు, జారిపోనూ లేదు. అదీ ముప్పావంటే.

మీ బావ సంగతి తెలుసుగా. నీ ప్రోగ్రాం గీసిన ప్రతి ట్రయల్ చొక్కాకీ, నీకు పంపేది కాక, ఇంకోటి ఆయన ఒంటి మీదే. బీరువా నిండా అవే. పొద్దున్నే నిలబడి, "ఇవాళ సున్నా పాయింటు ఏడు వేసుకోనా, ఎనిమిది వేసుకోనా" అంటారు. ఏడుకి కాలరు వంకర. ఎనిమిదికి కాజాలన్నీ కుడి పక్కకి పడ్డాయి, గుర్తుందా, ఆడవాళ్ళ చొక్కాలా తయారైంది. ఆఫీసులో అందరూ నవ్వారు. అయినా ఆయన కిక్కురుమనకుండా వేసుకుంటారు. ఒక్కరోజైనా ముప్పావు ఎక్కువైందని అన్నారా?

ప్రిన్సిపాలమ్మ నిన్న మళ్ళీ అడిగింది. "పేరులోనే సున్నా పెట్టుకున్నదాన్ని పిల్లలకి ఎలా నేర్పిస్తామమ్మా" అని. నాకు మాత్రం ఆశ లేదా? కొత్త బ్యాచ్ అమ్మాయిలు అమ్మ కటింగు నేర్చుకుంటుంటే చూడాలని ఉంది. కానీ అమ్మ ముప్పావు లేని అమ్మ కటింగు ఏమిటిరా? దాన్ని తీసేసి విడుదల చేసేటట్టయితే నా సరే నీకు దొరకదు.

ఆ ఆవిడకి నేనే చూపిస్తాను. పక్కింటి పిల్ల ఉంది, మీ బుజ్జిదాని ఈడుదే. అమ్మ టేపు, అమ్మ సుద్ద డబ్బా మెషిను సొరుగులో ఉన్నాయి. ఆ ప్రోగ్రాం జోలికి పోకుండా, అమ్మ ఎలా కోసేదో అలా కోసి గౌను కుడతాను. జారితే అప్పుడు మాట్లాడు.

అక్క


మూడో అంతస్తు, వంటింటి బల్ల
ఎండ కాసిన ఆదివారం

అక్కకి,

నీ ఉత్తరం చదివి నీ మరదలు పడీ పడీ నవ్వింది. కాజాల సంగతి ఇన్నాళ్ళూ ఆమెకి తెలీదు. నా పరువు నిలబెట్టినందుకు సంతోషం.

నేనూ ఊరుకోలేదు. బుజ్జిదాన్ని కుర్చీ మీద నించోబెట్టి, నీ మరదలు కొత్త టేపుతో కొలతలు తీసింది. ప్రోగ్రాం కాగితాలు గీసిచ్చింది. కింది అంతస్తులో కుట్టుపని చేసే ఆయన కుట్టిపెట్టాడు. ఫోటో పంపుతున్నాను, చూడు. మెడ ఒక పక్కకి దిగిపోయి, చంకల కింద సంచిలా వేలాడుతోంది. అది అద్దంలో చూసుకుని, "నాన్నా, ఇందులో ఇంకో నేను పడతాను" అంది.

నీతో వాదించడానికి రాయడం లేదక్కా. ఒక్కమాట అర్థం చేసుకో. ఇప్పుడు తప్పుంటే దిద్దుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, ముందు సున్నా ఉంది కాబట్టి. ఒకటి అన్నాక అలా కుదరదు. స్టేబుల్ అంటే ఇక మారదని కాదు, చెప్పకుండా మారదని. ఇవాళ దాచుకున్న కొలతలతో రెండేళ్ళ తర్వాత గీసినా అదే చొక్కా రావాలి. అది మనం ఇచ్చే మాట. ముప్పావు తప్పని తెలిసీ దాంతోనే మాటిచ్చేస్తే, తప్పుకే కట్టుబడి ఉండాల్సి వస్తుంది. అందుకే ఇప్పుడే తేలాలి.

నాకూ గుర్తుంది, "నాలుగో వంతు, పైన ముప్పావు". లెక్కల పరీక్షలో నాలుగో వంతు ఎంతని అడిగితే చివర ముప్పావు కలిపేసి మార్కులు పోగొట్టుకున్నవాణ్ణి నేను. మాస్టారు చెవి మెలేసి ఇంటికి పంపితే అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అయినా ఎందుకో మాత్రం చెప్పలేదు.

తమ్ముడు


కటింగ్ బల్ల మీద నుంచి
అదే వారం

ఒరేయ్,

కొలిచినట్టు సరిపోయింది! అద్దినట్టు ఉంది! పక్కింటి పిల్ల వాళ్ళమ్మ, "ఎక్కడ నేర్చుకున్నారండీ" అని నోరు తెరిచింది. అమ్మ టేపుతో కొలిచాను, అమ్మ టేపుతోనే గీశాను, నాలుగో వంతు, పైన ముప్పావు, ఇంచీ అటూ ఇటూ కాకుండా. భుజం జారలేదు, చంక కింద సంచి లేదు. ఫోటో పెట్టాను, కళ్ళు పెద్దవి చేసుకుని చూడు.

ఇప్పుడేమంటావు? మరదలు కొలతలు సరిగ్గా తీసి ఉండదు, లేకపోతే ఆ కింది ఆయన చెయ్యి జారి ఉంటుంది. ముప్పావు జోలికి రాకు. కాగితాలు గీసే పెట్టెకి నీ బుద్ధే వచ్చింది, అదీ అసలు సంగతి.

ఆ ఆవిడకి నా మాటగా చెప్పు, కోపంగా కాదు, మర్యాదగానే.

గెలిచిన అక్క


మూడో అంతస్తు
నీ ఉత్తరం అందిన మర్నాడే

అక్కా,

ఫోటో చూశాను. నిజంగానే అద్దినట్టుంది. కుట్టిన ఆయన చెయ్యీ జారలేదు, మళ్ళీ కొలిపించాను.

రెండు చోట్లా లెక్క ఒకటే. ముప్పావు ఒకటే. పిల్లలిద్దరూ ఒకే సైజు. తేడా ఒక్కటే కనిపిస్తోంది నాకు. అమ్మ టేపు ఒకసారి మీ శిక్షణాలయానికి తీసుకెళ్ళి, స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తావా?

తమ్ముడు


స్టాఫ్ రూమ్, మధ్యాహ్నం
పిల్లలు భోజనాలకి వెళ్ళారు

గుండీ,

చూశాను.

అమ్మ టేపుకి మొదటి అంగుళం లేదురా.

చివర ఇత్తడి బిళ్ళ ఊడిపోయి పీచు లేచినట్టుంది ఎప్పుడో. అమ్మ దాన్ని ఒకటో గీత దగ్గర తిన్నగా కత్తిరించి, చివర కాజా కుట్టు వేసేసింది. ఎంత పొందిగ్గా వేసిందంటే, అది కొన్నప్పట్నుంచీ అలాగే ఉందేమో అనిపిస్తుంది. ఆ కుట్టు మన చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం. దానికింద ఒకటి అనే అంకె దాక్కుని ఉందని, పక్కన కనిపించేది రెండని ఎప్పుడూ చూడలేదు. వేల చొక్కాలు కోసిన దాన్ని, రోజూ పిల్లలకి "టేపు సరిగ్గా పట్టుకోండి" అని అరిచే దాన్ని, నేనే చూడలేదు.

నల్లబల్ల మీద లెక్క వేశాను. ముప్పై ఆరు ఛాతీ ఆ టేపు మీద ముప్పై ఏడని చూపిస్తుంది. నాలుగో వంతు తొమ్మిదింపావు. మళ్ళీ అదే టేపుతో గుడ్డ మీద గీత పెడితే, నిజంగా పడేది ఎనిమిదింపావు దగ్గర. ఉండాల్సింది తొమ్మిది. ఎంత తగ్గింది? ముప్పావు. ఇరవై రెండు ఛాతీ పిల్లకి వేశాను, ముప్పావే. నలభై నాలుగుకి వేశాను, ముప్పావే. అమ్మ ఆ తగ్గినదాన్ని తిరిగి కలుపుకుంటోంది, అంతే. చేతిలో మహిమా లేదు, ఏమీ లేదు. తెగిన టేపుకి అతుకు. నిండు టేపుతో కొలిచేవాళ్ళకి మనం అది ఊరికే ఎక్కువ కలిపి ఇస్తున్నాం. పెద్దవాళ్ళు హాయిగా ఉందనుకుని సర్దుకున్నారు. మీ బావ పొట్ట కూడా ఆ ముప్పావుని కప్పేసింది, లేకపోతే ఏడో నంబరు చొక్కాకే దొరికిపోయేది. పిల్లలకి దాచుకోవడానికేముంది, జారిపోయింది.

ముందు ఏడుపొచ్చింది. ఆ పాటంతా ఒక చిరిగిన టేపు కోసమా అని. తర్వాత ఇంకోటి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఒకసారి నేను నా మొదటి జీతంతో అమ్మకి కొత్త టేపు కొనిచ్చాను, పసుపుపచ్చది, డబ్బాలో చుట్టుకుపోయేది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, మురిసిపోయి, మేకుకి తగిలించేసింది. వాడవేమమ్మా అంటే, "పాతవాళ్ళ కొలతలన్నీ దీంతో తీసినవి. టేపు మారిస్తే వాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి కొలవాలి. వాళ్ళు నన్ను నమ్మి ఒకసారి కొలిపించుకుని వెళ్ళారు" అంది. నా మీద ప్రేమ లేదనుకుని మూతి ముడుచుకున్నాను. ఆవిడకి అన్నీ తెలుసురా. తెలిసే ఆ టేపుని పట్టుకుని ఉంది.

ఇంకో మాట కూడా ఉంది, అది ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. "ఇంకో ట్రయల్" అని ఊరికే అనలేదు నేను. ముప్పావు ఒకటే కాదు కారణం. ఆ సున్నా ఉన్నంతకాలం అమ్మ దుకాణం ఇంకా తెరిచే ఉన్నట్టుంటుంది నాకు. నువ్వు కాగితాలు పంపుతావు, నేను కుట్టి జేబులో ఉత్తరం పెట్టి పంపుతాను. సరే అనేస్తే షట్టరు రెండోసారి దించినట్టే కదా. మొదటిసారి నువ్వు పక్కన ఉన్నావు. ఆ తర్వాత నీకూ నాకూ రాసుకోవడానికి ఏముంటుంది? నీ పనులు నీకు, నా బడి నాకు. అదీ నా భయం. నవ్వకు.

గంట కొట్టారు. పిల్లలు వస్తున్నారు.

అక్క


మూడో అంతస్తు, బాల్కనీ పక్క గది
వాన వెలిసిన సాయంత్రం

అక్కా,

నవ్వలేదు. నీ ఉత్తరం బాల్కనీలో నిలబడి రెండుసార్లు చదివాను. నీ మరదలు కాఫీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

అమ్మ అన్న మాట చూశావా? "వాళ్ళు నన్ను నమ్మి ఒకసారి కొలిపించుకుని వెళ్ళారు." స్టేబుల్ అంటే ఏమిటో నీకు చెప్పడానికి నేను పేజీలు పేజీలు రాశాను. ఆవిడ ఒక్క మాటలో చెప్పి టేపు మెడలో వేసుకుంది.

అందుకే ముప్పావుని తీసిపారేయడం లేదు. ఇలా చేశాను, బాగుందో లేదో చెప్పు. ప్రోగ్రాం మొదట్లోనే ఒక ప్రశ్న పెట్టాను: "మీ టేపు ఎక్కడ మొదలవుతుంది?" అని. ఏమీ మార్చకపోతే సున్నా దగ్గర. అప్పుడు ముప్పావు ఉండదు, పిల్లల గౌన్లు జారవు. తెగిన టేపున్నవాళ్ళు ఎంత తెగిందో చెబితే చాలు, ఎంత కలపాలో అదే చూసుకుంటుంది. ఇదివరకు మన దగ్గర కొలతలు దాచుకున్నవాళ్ళవి మాత్రం ఏం మారవు. అవి తెరిస్తే పైన "అమ్మ టేపు" అని కనిపిస్తుంది, పాత చొక్కానే వస్తుంది, మార్చుకోవాలంటే వాళ్ళే మార్చుకుంటారు. గౌన్ల ఆవిడకి టేపు కథంతా రాశాను. "మీ అమ్మగారికి నా నమస్కారం" అని జవాబిచ్చింది. ఆవిడే కూర్చుని ఆ ప్రశ్న పక్కన తెగిన టేపు బొమ్మ గీసి పంపింది, చివర కాజా కుట్టుతో సహా.

రాసుకోవడానికి ఏముంటుందని భయపడుతున్నావు. అమ్మ చొక్కా ఇచ్చేశాక కస్టమర్ మళ్ళీ రాలేదా అక్కా? ఇచ్చేశాకే కదా, గుండీ ఊడిందని, ఒళ్ళు వచ్చిందని, కొడుక్కి కూడా కావాలని, జీవితమంతా ఆ గుమ్మం ముందే ఉండేవాళ్ళు. ఇవ్వకుండా దగ్గర పెట్టుకున్న చొక్కా కోసం ఎవరూ రారు.

బుజ్జిదాని కొలతలతో కొత్త కాగితాలు పంపుతున్నాను. కుట్టి చూడు. నీకు నచ్చకపోతే "ఇంకో ట్రయల్" అని రాయి, కొత్త బ్యాచ్ వెళ్ళిపోయినా సరే, మరుసటి బ్యాచ్ దాకా ఆగుతాను. నీ సరే లేకుండా సున్నా తియ్యను.

గుండీ


కటింగ్ బల్ల మీద నుంచి
బ్యాచ్ మొదలవడానికి ముందు

ఒరేయ్ గుండీ,

గౌను పంపుతున్నాను. దీనికి జేబు లేదు, నీ కాగితాల్లో గీయలేదు. అందుకని ఉత్తరం మడతల్లో పెట్టాను, ఎక్కడుందో వెతుక్కో.

పక్కింటి పిల్లకి వేసి చూశాను. నిండు టేపు, ముప్పావు లేదు, అయినా అద్దినట్టే. చెయ్యి అలవాటు కొద్దీ "పైన ముప్పావు" అనేసింది నోరు, కాగితం వినలేదు. ప్రిన్సిపాలమ్మ చూసి, "ఇది స్టేబులేనా" అంది. "మా తమ్ముడు చెబుతాడండీ" అన్నాను.

అమ్మ ట్రయల్ ఎలా చేసేదో నీకు గుర్తుందిగా? కచ్చా కుట్టు మీద చొక్కా తొడిగించి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నచ్చకపోతే విప్పించేది. నచ్చితే ఏమీ అనేది కాదు. పక్కా కుట్టు వేసేసి, పొడుగు దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగేది. సర్రున వచ్చేసేది. అదే ఆవిడ సరే. ఆ దారం మాత్రం పారేసేది కాదు, చుట్టి గాజు సీసాలో వేసేది. ఆ సీసా ఇప్పుడు నా మెషిను పక్కనే ఉంది, సగం దాకా ఉన్నాయి దారాలు.

ఈ గౌనుకి పక్కా కుట్టంతా వేసేశాను. కచ్చా దారం మాత్రం తియ్యలేదు. ఎర్ర దారం, కొస నడుము దగ్గర వదిలాను. బుజ్జిదానికి తొడిగి చుట్టూ తిరిగి చూడు. నచ్చితే నువ్వే లాగు.

అక్క


మూడో అంతస్తు
పొద్దున్నే

అక్కా,

దాన్ని కుర్చీ మీద నించోబెట్టాను, అమ్మ మనల్ని నించోబెట్టినట్టే. చేతులు చాపమన్నాను. చుట్టూ తిరిగాను. భుజం భుజం మీదే ఉంది. నీ మరదలు గుమ్మం దగ్గర నిలబడి చూసింది. కొస పట్టుకుని లాగాను. సర్రున వచ్చేసింది. అమ్మ ఎప్పుడూ చూడని మనవరాలు, అమ్మ కోసిన గౌనులో గిర్రున ఒక చుట్టు తిరిగింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

తర్వాత లోపలికి వెళ్ళి సున్నా తీసేశాను.

కుర్చీ దిగకముందే మొదటి ఫిర్యాదు కూడా వచ్చేసింది. దీనికి జేబేదీ, అత్త ఉత్తరం ఎక్కడ పెడుతుంది అంటోంది.

ఎర్ర దారం ఇందులో చుట్టి పెట్టాను. సీసాలో వెయ్యి. మళ్ళీ పనికొస్తుంది.

గుండీ